నరాల నొప్పి మాత్రలు, ఆందోళన మాత్రలు కలిపి వాడుతున్నారా? ఇంట్లో ఇలా సరిచూసుకోండి

"రెండూ నరాల మాత్రలే కదన్నా, కలిపి వేసుకుంటే ఏమవుతుంది?"

మెడికల్ షాపు కౌంటరు వెనక నిలబడి ఇరవై ఏళ్లయింది. ఈ ప్రశ్న వారానికి నాలుగైదుసార్లయినా వస్తుంది. అడిగేది ఎక్కువగా షుగరున్న పెద్దవాళ్లు, లేకపోతే వాళ్ల పిల్లలు. అరికాళ్ల మంటలకి ఒక డాక్టరు రాసిన స్ట్రిప్పు ఒక చేతిలో, గుండెదడకీ నిద్ర పట్టకపోవడానికీ ఇంకో డాక్టరు రాసింది ఇంకో చేతిలో.

చిక్కంతా ఆ 'నరాల మాత్ర' అన్న మాటతోనే మొదలవుతుంది. మన దగ్గర తిమ్మిర్లకి వేసేదీ నరాల మాత్రే, దిగులుకి వేసేదీ నరాల మాత్రే. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లామని చెప్పుకోవడం నామోషీ అనిపించి "నరాల డాక్టరుకి చూపించాం" అంటారు. అది విన్న రెండో డాక్టరు ఏ బి12 మాత్రో అయ్యుంటుందనుకుని తన మందు తను రాస్తాడు. అక్కడ మొదలవుతుంది తూలడం.

సూటిగా జవాబు చెప్పాలంటే, కలిపి వాడకూడదని కాదు. డాక్టర్లే కావాలని కలిపి రాసే జతలు చాలా ఉన్నాయి. అన్నీ కలిపి ఎన్నయ్యాయో ఎవరూ లెక్కపెట్టకపోవడమే ప్రమాదం. ఆ లెక్క మీ ఇంట్లో మీరే ఎలా వేసుకోవాలో కింద రాశాను. ఇది చదివి ఏ మాత్రా మీ అంతట మీరు ఆపేయకండి, సగానికి విరిచి వేసుకోకండి. కొన్నిటిని వేసుకోవడం కంటే ఉన్నపళంగా మానేయడమే ఎక్కువ ప్రమాదం.

మా మేనత్త సంగతి చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి బాత్రూముకి లేచి గడప దగ్గర పడిపోయింది, మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకొచ్చాక ఆవిడ మందుల డబ్బా మంచం మీద బోర్లించి చూశాను. మోకాళ్ల డాక్టరు రాసిన మాత్రలో ప్రెగాబాలిన్, నార్ట్రిప్టిలిన్ కలిసి ఉన్నాయి. అరికాళ్ల మంటలకి వేరేచోట రాయించుకున్నదాంట్లో గాబాపెంటిన్, మిథైల్‌కోబాలమిన్ (అంటే బి12 విటమిన్). దడకి ఇచ్చినదాంట్లో ఎస్సిటాలోప్రామ్‌తోపాటు క్లోనాజెపామ్. ఆ వారం జలుబు చేసిందని వేసుకుంటున్న బిళ్లలో క్లోర్‌ఫెనిరమిన్. ఆవిడ లెక్కలో రాత్రి వేసుకున్నవి నాలుగు మాత్రలు. నా లెక్కలో మత్తు తెచ్చే మందులు ఐదు. రాసినవాళ్లలో ఎవరికీ నాలుగు స్ట్రిప్పులూ ఒకచోట కనపడలేదు. జలుబు బిళ్ల ఇచ్చింది నేనే.

కావలసినవి

ఇంట్లో ఉన్న మందులన్నీ (ఫ్రిజ్ మీదవి, పర్సులోవి, దిండు కిందవి కూడా). గత ఆరు నెలల చీటీలు. ఈ మధ్య చేయించిన రక్తపరీక్ష రిపోర్టు, అందులో సీరం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె) ఉండాలి. ఒక పెద్ద తెల్లకాగితం, రెండు రంగుల పెన్నులు. బీపీ మిషను, గ్లూకోమీటరు ఉంటే మంచిది. చదవడానికి కళ్లజోడుతో ఒక మనిషి, లేదా స్ట్రిప్పు వెనక అక్షరాలని ఫొటో తీసి పెద్దది చేసి చూపించే మనవడు.

1. డబ్బా బోర్లించి మందు పేరు రాయండి, కంపెనీ పేరు కాదు

స్ట్రిప్పు ముందువైపు పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మీకు కావలసింది దాని కింద చిన్నక్షరాల్లో, లేదా వెనక 'ఈచ్ టాబ్లెట్ కంటెయిన్స్' అన్న చోట ఉంటుంది. అక్కడ రెండు పేర్లుంటే రెండూ, మూడుంటే మూడూ, పక్కన ఎన్ని మి.గ్రా.లో కూడా రాయండి. మన దేశంలో జంట మాత్రలు ఎక్కువ. ప్రెగాబాలిన్ 75తో మిథైల్‌కోబాలమిన్, ప్రెగాబాలిన్‌తో నార్ట్రిప్టిలిన్ 10, ఎస్సిటాలోప్రామ్ 10తో క్లోనాజెపామ్ 0.5, ప్రొప్రనొలాల్‌తో క్లోనాజెపామ్, అమిట్రిప్టిలిన్‌తో క్లోర్‌డయాజెపాక్సైడ్. పైకి ఒకే గోలీ, లోపల ఇద్దరు.

పేరు చివరి అక్షరాన్ని నమ్ముకోకండి. నరాల మాత్ర చివర 'ఎం' ఉంటే సాధారణంగా మిథైల్‌కోబాలమిన్. షుగరు మాత్ర చివర అదే 'ఎం' ఉంటే మెట్‌ఫార్మిన్. 'ఎన్‌టీ' అంటే చాలావరకు నార్ట్రిప్టిలిన్. 'ప్లస్' అంటే ఏం కలిపారో వెనక్కి తిప్పి చూస్తే తప్ప తెలియదు.

స్ట్రిప్పుని పేరున్న వైపు నుంచి కత్తిరించే అలవాటు మనందరిదీ. మిగిలిన నాలుగు మాత్రలు ఏమిటో దేవుడికే తెలియాలి. ఇకనుంచి పేరూ గడువు తేదీ లేని వైపు నుంచి కత్తిరించండి. పేరు తెలియని ముక్క దొరికితే లిస్టులో చేర్చకుండా పక్కన పెట్టి, షాపుకి పట్టుకెళ్లి చూపించండి.

ఆయుర్వేదం, హోమియో, ఆర్‌ఎంపీ డాక్టరు పొట్లం కట్టి ఇచ్చినవి కూడా రాయాలి. పొట్లంలో ఏముందో ఆయన్నే అడిగి రాయండి. చెప్పనంటే ఆ మందు వేసుకోకపోవడమే మంచిది.

2. నాలుగు గుర్తులు పెట్టండి

కాగితం మీద ఉన్న పేర్లకి ఇప్పుడు గుర్తులు పెట్టాలి. ఒకే మందుకి రెండు మూడు గుర్తులు పడొచ్చు.

'మ' (మత్తు): ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, క్లోనాజెపామ్, అల్ప్రాజోలం, ఎటిజోలం, లోరాజెపామ్, డైజీపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్, అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, జోల్పిడెమ్, ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, సిట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్. మద్యం తాగే అలవాటుంటే దానికీ ఒక 'మ'.

కల్లు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ దొరికిన కేసులు ఎన్నో ఉన్నాయి. రోజూ సాయంత్రం కల్లు తాగే పెద్దాయనకి ప్రెగాబాలిన్ ఇస్తే, అది ఆందోళన మాత్రతో కలిపి ఇచ్చినట్టే అయ్యే అవకాశముంది, పైగా మోతాదు ఎంతో కూడా తెలియదు. ఈ సంగతి డాక్టరు దగ్గర దాచకండి. కల్లు ఒక్కసారిగా మాన్పించినా చేతులు వణకడం, ఫిట్స్ రావడం చూశాం.

'సె' (మెదడులో సందేశాలు చేరవేసే సెరొటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవి): ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్, డ్యూలోక్సెటిన్, వెన్లాఫాక్సిన్, అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, ట్రమడాల్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్.

'ఎ' (నోరు ఎండబెట్టేవి): అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, క్లోర్‌ఫెనిరమిన్, కడుపునొప్పికి వేసే డైసైక్లోమిన్, వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్.

'వా' (కాళ్ల వాపు తెచ్చేవి): ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, బీపీకి వేసే అమ్లోడిపిన్, షుగరుకి వేసే పయోగ్లిటజోన్.

ఇప్పుడు లెక్కపెట్టండి. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ రెండూ ఉంటే అదే మొదటి తప్పు. అవి అన్నదమ్ముల్లాంటివి, ఒకే చోట పనిచేస్తాయి, రెండూ కలిపి వాడే అవసరం దాదాపు ఉండదు. క్లోనాజెపామ్, అల్ప్రాజోలం, ఎటిజోలం లాంటివి రెండుంటే అదీ అంతే. 'మ'లు మూడు దాటితే ఆ కాగితం ఈ వారంలోనే డాక్టరు చూడాలి. వాటిలో ట్రమడాల్ గానీ కోడీన్ గానీ ఉంటే వారం ఆగొద్దు. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్‌లని ఇలాంటి వాటితో కలిపితే ఊపిరి మందగించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో హెచ్చరించింది. పెద్దవాళ్లకి, ఆయాసం జబ్బున్నవాళ్లకి ముప్పు మరీ ఎక్కువ. రాత్రి పెద్దగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లకీ ఈ జాగ్రత్త కావాలి.

'సె'లు రెండుంటే అడగండి, మూడుంటే తప్పకుండా అడగండి. రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10తో ఎస్సిటాలోప్రామ్ కలిపి రాయడం మామూలే. ఫ్లూయోక్సెటిన్, పారోక్సెటిన్ మాత్రం అమిట్రిప్టిలిన్‌ని ఒంట్లోంచి పోనివ్వకుండా దాని మోతాదు పెరిగినట్టు చేస్తాయి. ట్రమడాల్ ఈ గుంపులో దేనితో కలిసినా నాకు నచ్చదు. వణుకు, చెమటలు, జ్వరం, ఫిట్స్ అన్నిటికీ దారితీయగలదు. నడుంనొప్పికి తెచ్చుకున్న మాత్రలో పారాసిటమాల్ పక్కన ట్రమడాల్ ఉందేమో తిప్పి చూడండి.

'ఎ' విషయంలో ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లు, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు జాగ్రత్త. మూత్రం ధార సన్నబడిందంటే వయసు మీద తోసేయకుండా, ఏ మాత్ర మొదలెట్టాక అలా అయిందో చూడండి.

'వా' గురించి. అమ్లోడిపిన్ మీదున్న మనిషికి ప్రెగాబాలిన్ తోడైంది, పాదాలు ఉబ్బాయి. ఉబ్బాయని నీరు పోయే మాత్ర రాశారు. దాంతో రాత్రి రెండుసార్లు అదనంగా లేవాల్సి వచ్చింది. ప్రెగాబాలిన్ మత్తులో లేచి, తూలి పడ్డారు. ఇలాంటి గొలుసులు నేను చాలా చూశాను. వాపు కనపడగానే "ఇది ఏ మాత్ర వల్ల?" అని అడగండి. దానికి ఇంకో మాత్ర ఏమిటన్నది ఆ తర్వాత.

3. కిడ్నీ రిపోర్టు తీయండి

ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ లివరులో అరిగేవి కావు, కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ సగం పనిచేస్తుంటే మాత్ర ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 65 ఏళ్ల ఆడమనిషి, బరువు 55 కిలోలు, క్రియాటినిన్ 1.4. "కొంచెమే ఎక్కువుంది, పర్లేదు" అంటారు ఇంట్లో. డాక్టర్లు వాడే లెక్క ప్రకారం (140 లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించి, ఆడవాళ్లయితే 0.85తో గుణించాలి) ఆవిడ కిడ్నీ పని నిమిషానికి 35 మిల్లీలీటర్లే. 30కీ 60కీ మధ్య ఉన్నవాళ్లకి ప్రెగాబాలిన్ మామూలు మోతాదులో సగమే ఇవ్వాలి. 15కీ 30కీ మధ్యయితే ఇంకా సగం. ఈ లెక్క మీరు వేసి మోతాదు మార్చుకోమని కాదు, రిపోర్టు డాక్టరు ముందు పెట్టి అడగమని. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లయితే కిడ్నీ పరీక్ష లేకుండా ఈ మాత్రలు మొదలుపెట్టనే వద్దు.

రక్తం ఇస్తున్నప్పుడే ఇంకో రెండు పరీక్షలు అడగండి. ఒకటి సోడియం. పెద్దవాళ్లలో ఎస్సిటాలోప్రామ్, డ్యూలోక్సెటిన్ లాంటివి సోడియం తగ్గిస్తాయి, చివర 'హెచ్' ఉన్న బీపీ మాత్ర (నీరు పోయే మందు కలిసినది) తోడైతే మరీను. నీరసం, తికమక మాటలు, తూలడం అన్నీ దానివల్ల రావచ్చు. రెండోది బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బి12 తగ్గుతుంది, బి12 తగ్గితే అరికాళ్లు మండుతాయి. అది సరిచేస్తే నొప్పి మాత్రల అవసరమే తగ్గొచ్చు.

4. కాగితం ఒక్క డాక్టరుకి చూపించండి

ముగ్గురికీ కాదు, ఒకరికి. ఆందోళన మందు రాసినాయన అయినా, షుగరు చూసే ఆయనైనా సరే. కాగితం అందరి దగ్గరికీ వెళ్లాలి గానీ, తీర్పు చెప్పేది ఒకరే అయితే మంచిది. ఇవి అడగండి:

ఇందులో ఒకే పని చేసేవి రెండున్నాయా? ఏది తీసేయొచ్చు, ఎలా తీయాలి?
నా కిడ్నీకి ఈ మోతాదు సరిపోతుందా?
నొప్పికీ ఆందోళనకీ ఒకే మందు సరిపోతుందా?

మూడో ప్రశ్న చాలామంది అడగరు. డ్యూలోక్సెటిన్ షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికీ పనిచేస్తుంది, ఆందోళనకీ పనిచేస్తుంది. సాధారణంగా 30తో మొదలుపెట్టి 60కి తీసుకెళతారు. మొదట్లో వికారం ఉంటుంది, బీపీ కాస్త పెరగొచ్చు, లివరు జబ్బున్నవాళ్లకీ కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకీ పనికిరాదు. క్యాప్సూల్ విప్పి పొడి మజ్జిగలో కలపకూడదు. ప్రెగాబాలిన్‌ని యూరప్‌లో 2006 నుంచి ఆందోళనకి కూడా వాడుతున్నారు. అంటే కాళ్ల మంటలకి వేసుకుంటున్న మాత్రే దడనీ కొంత తగ్గిస్తుండవచ్చు. అప్పుడు క్లోనాజెపామ్ అవసరం ఎంత అన్నది డాక్టరుని అడగాల్సిన మాట.

నొప్పి ఒకేచోట ఉంటే, ఉదాహరణకి సర్పి తగ్గాక మిగిలిన మంట, పైపూత మందులు ఉన్నాయి. క్యాప్సైసిన్ క్రీము మత్తు తేదు. మన గుంటూరు మిరపకాయకి ఘాటు ఇచ్చేదీ ఆ క్యాప్సైసినే, కాబట్టి రాసుకున్న చేత్తో కళ్లు నలుపుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పుండు పూర్తిగా మానాకే రాయాలి.

5. మొదటి పదిహేను రోజులు

కొత్త మందు ఏదైనా ఒక్కటే మొదలుపెట్టాలి. ఒకే రోజు రెండు మొదలుపెడితే, వికారం దేనివల్లో తూలు దేనివల్లో కనిపెట్టలేం. డాక్టరు రెండూ ఒకే చీటీలో రాస్తే "ముందు ఏది, ఎన్నాళ్ల తర్వాత రెండోది?" అని అక్కడే అడిగేయండి.

టైము సంగతి చూద్దాం. ప్రెగాబాలిన్ ఖాళీ కడుపుతో వేసుకుంటే గంట, గంటన్నరలో బాగా ఎక్కుతుంది. భోంచేసి వేసుకుంటే దాదాపు మూడు గంటలు. తొమ్మిదింటికి అన్నం తిని వేసుకుంటే పన్నెండింటికి మత్తు పతాకస్థాయిలో ఉంటుంది, సరిగ్గా బాత్రూముకి లేచే వేళ. క్లోనాజెపామ్ రాత్రి వేసుకున్నది తెల్లారేసరికి పోదు. ఒంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది, అందుకే వారం గడిచేసరికి పోగుపడుతుంది. మూడోరోజు బాగానే ఉన్నారని నిశ్చింతగా ఉండకండి, పదోరోజు కూడా చూడండి.

గాబాపెంటిన్ వేసుకునేవాళ్లు గ్యాసుకి తాగే తెల్లమందు, అంటే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్, తాగాక రెండు గంటలు ఆగాలి. లేకపోతే మాత్ర సరిగ్గా ఒంటబట్టదు. మందు పనిచేయట్లేదని మోతాదు పెంచించుకున్నవాళ్లలో కొందరి కథ ఇదే.

బీపీ ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ రోజే డాక్టరుకి ఫోను చేయండి. నిలబెట్టేటప్పుడు పక్కన ఒకరుండాలి, పరీక్షలోనే పడిపోతే లాభం లేదు.

ఇంటి ఏర్పాట్లు చిన్నవే. మంచానికీ బాత్రూముకీ మధ్య రాత్రంతా చిన్న లైటు. దారిలో గోనెపట్టాలు, తివాచీలు తీసేయడం. పడుకునేముందు ఒకసారి బాత్రూముకి వెళ్లడం. లేచాక కాళ్లు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చోవడం. మందు మొదలైన, లేదా మోతాదు మారిన మొదటి వారం బండి తాళం చెవి ఎవరికైనా ఇచ్చేయండి.

6. పనిచేస్తోందో లేదో ఇలా చూడండి

రోజూ ఒకే వేళకి, పడుకునేముందు, ఒక నోటుబుక్కులో నాలుగు అంకెలు రాయండి. నొప్పి 0 నుంచి 10లో ఎంత, దిగులు 0 నుంచి 10లో ఎంత, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, పగలు ఎన్నిసార్లు కునుకు. పక్కన తూలారా, మలబద్ధకమా అని ఒక్క మాట.

నొప్పి 8 నుంచి 5కి వస్తే మందు పనిచేసినట్టే. సున్నాకి రావాలని చూస్తూ పోతే మాత్రలు పెరుగుతాయే తప్ప సున్నా రాదు. నరాల నొప్పి మాత్రలతో సాధారణంగా దక్కేది మూడోవంతు, బాగా కలిసొస్తే సగం. ఎస్సిటాలోప్రామ్ లాంటివి పనిచేయడం మొదలవ్వాలంటే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం దడ ఇంకా పెరిగినట్టనిపించొచ్చు. ఆ వారంలోనే "ఈ మందు పడలేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ.

నొప్పి అంకె తగ్గి, కునుకు అంకె పెరుగుతుంటే దాన్ని గెలుపు అనుకోకండి. మత్తులో నొప్పి తెలియకపోవడం వేరు, నొప్పి తగ్గడం వేరు. మా మేనత్త కూడా "మంటలు బాగా తగ్గాయిరా" అనేది, మధ్యాహ్నం టీవీ ముందు నోరు తెరుచుకుని నిద్రపోతూ.

7. ఆపాలన్నా మెట్లు దిగినట్టే

ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ కనీసం వారం రోజుల పైన మెల్లగా తగ్గిస్తూ ఆపాలి. చాలాకాలం వాడితే ఇంకా మెల్లగా. క్లోనాజెపామ్, అల్ప్రాజోలం లాంటివి నెలలుగా వాడుతుంటే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టదు, వణుకు వస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఎస్సిటాలోప్రామ్, డ్యూలోక్సెటిన్ ఆపితే తల తిరుగుడు, ఒంట్లో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం. దాన్ని పాత జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. రెండు రకాల మాత్రలూ తగ్గించాలంటే ఒకటయ్యాకే రెండోది.

ఒక పూట మరిచిపోతే, గుర్తొచ్చేసరికి తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి. రెండూ కలిపి ఎప్పుడూ వేయకూడదు. చాలా తూలుళ్లకి కారణం ఇదే: "మధ్యాహ్నం మరిచిపోయాను, రాత్రి రెండు వేసుకున్నాను."

మాత్రలు అయిపోయేదాకా ఆగకండి, వారం మిగిలుండగానే షాపుకి రండి. అల్ప్రాజోలం, డైజీపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ చూసి, పేరూ ఊరూ రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. "పదేళ్లుగా వస్తున్నాను, నన్నే అడుగుతావా" అని కోప్పడతారు కొందరు. అవును, మిమ్మల్నే అడుగుతాం.

కౌంటరు దగ్గర రోజూ కనిపించే పొరపాట్లు

జలుబు బిళ్ల, దురద బిళ్ల, దగ్గు సిరప్ అడిగేటప్పుడు మిగతా మందుల సంగతి చెప్పరు. ఇక్కడ మా తప్పూ ఉంది, అడగాల్సింది మేమే.

ఎస్సిటాలోప్రామ్ లాంటిది వాడుతూ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకుంటారు, పక్కన గుండెకని ఆస్పిరిన్ కూడా. కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మలం తారులా నల్లగా వస్తే ఆగకూడదు.

పక్కింటావిడకి పనిచేసిందని ఆవిడ స్ట్రిప్పు నుంచి రెండు తెచ్చుకుంటారు. గల్ఫ్‌కి వెళ్లే పిల్లలకి సామానులో ఈ మాత్రలు పెట్టి పంపిస్తారు. యూఏఈ లాంటి గల్ఫ్ దేశాల్లో ప్రెగాబాలిన్, ట్రమడాల్, అల్ప్రాజోలం నియంత్రిత మందులు. ముందుగా అనుమతి, డాక్టరు చీటీ లేకుండా పట్టుబడితే కేసవుతుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోండి. మందు పేరు చెప్పి ఆ దేశపు నిబంధన చూసుకున్నాకే సంచిలో పెట్టండి.

ఎప్పుడు 108కి ఫోను చేయాలి

పిలిచినా, భుజం తట్టినా లేవకపోతే. నిమిషానికి ఊపిరి పదిసార్ల కంటే తక్కువ తీస్తుంటే (పొట్ట కదలిక చూస్తూ ఫోను గడియారంలో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి, మామూలుగా 12 నుంచి 20 ఉండాలి). పెదవులు నీలంగా మారితే. ఫిట్స్ వస్తే. ముఖం, నాలుక వాస్తే. జ్వరం, చెమటలు, కాళ్లు బిగుసుకుని అదరడం, మాట తికమక ఒకేసారి కనపడితే. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు, నిమ్మరసం, కాఫీ ఏమీ పోయకండి. స్ట్రిప్పులన్నీ సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి.

షుగరున్న మనిషైతే, బండి వచ్చేలోగా గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే అది మాత్రల మత్తు కాక షుగరు పడిపోవడమే కావచ్చు. ఆ అంకె 108 వాళ్లకి చెప్పండి.

ఈ గుంపులోని మందులు మొదలుపెట్టాక గానీ, మోతాదు మారాక గానీ చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయని ఇంట్లో ఎవరైనా అంటే, మాటవరసకి అన్నారని తీసేయకండి. మానసిక ఇబ్బందులకి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మాత్రల డబ్బా ఆ మనిషికి అందకుండా వేరేవాళ్ల దగ్గర ఉండాలి.

మా మేనత్త కాగితం ఇప్పుడు వంటింటి అలమార తలుపు లోపల అంటించి ఉంది. గాబాపెంటిన్ మీద ఎర్ర గీత, పక్కన తేదీ. నార్ట్రిప్టిలిన్ మీద ఇంకో గీత, మూడు వారాల తర్వాతి తేదీ. క్లోనాజెపామ్ ఇంకా తగ్గిస్తున్నారు, 0.5 పోయి 0.25 అయింది. కొట్టేసిన మందుల పాత స్ట్రిప్పులు మాత్రం "ఎప్పుడైనా పనికొస్తాయి" అని ఆవిడ డబ్బాలోనే దాచింది. పోయిన ఆదివారం వెళ్లినప్పుడు అవన్నీ తీసుకొచ్చి షాపులో గడువు తీరిన మందుల పెట్టెలో పడేశాను. మీ ఇంట్లో డబ్బా కూడా ఒకసారి అడుగుదాకా వెతకండి.